బూజు కాదు, వేరు నూగు

మొన్న శనివారం స్రవంతి అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. నేను రిటైరైన ల్యాబ్‌లో వచ్చే నెల చేరబోతోంది. లండన్ పక్కన ఇల్ఫర్డ్‌లో పుట్టి పెరిగిన పిల్ల కావడంతో ఎడిన్‌బర్గ్ చలి ఇంకా ఒంటికి పట్టలేదు. కోటు విప్పకుండానే సోఫాలో కూర్చుని, "ఆంటీ, జాబ్ యాక్చువల్‌గా ఎలా ఉంటుంది? వెబ్‌సైట్‌లో చూస్తే చాలా బోరింగ్‌గా ఉంది," అంది.

బోరింగ్‌గానే ఉంటుందమ్మా అన్నాను. ఆ మాట ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. మాది విత్తన పరీక్షల ల్యాబ్. రైతుకు అమ్మబోయే విత్తనంలోంచి కొంచెం తీసి మాకు పంపుతారు. దాన్ని తడి కాగితం మీద పేర్చి, చలిలోనో వెచ్చదనంలోనో ఉంచి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి శాతం రాసిస్తాం. మేము సరే అంటే అది విత్తనం, కాదంటే పశువుల దాణా. పని అంతే. ఇల్ఫర్డ్‌లో ఉన్న మా తోడికోడలు ఇప్పటికీ నేను వ్యవసాయ శాఖలో పెద్ద ఆఫీసర్‌గా చేశానని అందరికీ చెబుతుంది. మొలకలు లెక్కపెట్టానంటే ఆవిడకు నామోషీ.

స్రవంతి ఫోన్ తీసి టిప్స్ ఏమైనా ఉంటే చెప్పమంది. టిప్స్ అయితే ల్యాబ్ వాళ్ళే చెబుతారు. నాకు తెలిసిందల్లా మా హిల్డ సంగతే. ఆవిడ దగ్గర పనిచేయడమే నా ఉద్యోగం, మిగతాదంతా జీతం. అందుకని స్రవంతి కోసం, ఆ తర్వాత వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి ఇందులో ఏమీ ఉండదు. వచ్చినవి తక్కువ, వచ్చినప్పుడు కూడా పెద్దగా ఏమీ మారలేదు.

మేడమ్ అంటే ఒప్పుకోని మేడమ్

డాక్టర్ హిల్డ జర్మనీ ఉత్తరాన, చదునైన ఇసుక నేలల్లో ఒక రైతు ఇంట్లో పుట్టింది. చదువు అక్కడే. గింజ ఎందుకు నిద్రపోతుంది, ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు ఇక లేవదు అన్నది ఆవిడ పరిశోధన. ఒక చిన్న ఫెలోషిప్ మీద స్కాట్లండ్ వచ్చి, తిరిగి వెళ్ళడం మరిచిపోయింది. ఎందుకు ఉండిపోయారని అడిగితే, ఇక్కడి బార్లీ జర్మనీ బార్లీ కన్నా మొండిగా నిద్రపోతుందని, దాని సంగతి తేలేదాకా కదలనని అంది. ఆవిడ రిటైరయ్యేనాటికి కూడా అది తేలలేదు.

నేను చేరినప్పుడు ఆవిడే మా సెక్షన్‌కు పెద్ద. ల్యాబ్‌లో అందరూ హిల్డ అని పేరు పెట్టి పిలిచేవాళ్ళు. బాపట్లలో అగ్రికల్చర్ చదివి వచ్చినదాన్ని, నాకు నోరు రాలేదు. మేడమ్ అన్నాను.

"మేడమ్ అని షాపుల్లో పిలుస్తారు. నేనేమీ అమ్మడం లేదు," అంది.

ఆ తర్వాత కొన్నేళ్ళపాటు ఆవిణ్ణి ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాను. ఆవిడ నా వైపు చూసేదాకా ఎదురుగా నిలబడటం, లేదంటే కొంచెం దగ్గడం. నాకు ఎప్పుడూ జలుబేనని ఆవిడ అనుకుందని తర్వాత తెలిసింది.

మొదటి వారంలోనే నా చదువు సంగతి బయటపడింది. బార్లీ ట్రే ఒకటి తెరిచేసరికి మొలకల వేళ్ళ చుట్టూ తెల్లగా, మెత్తగా ఏదో అల్లుకుని ఉంది. బూజు పట్టిందని తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేశాను. హిల్డ ఆ బుట్టలోంచే ట్రే తీసి బల్ల మీద పెట్టింది. మొక్కలకు నీళ్ళు చల్లే సీసాతో ఒక్కసారి చల్లింది. ఆ తెల్లదనం మాయమై వేళ్ళకు అతుక్కుపోయింది.

"ఇది వేరు నూగు. మొలక నీళ్ళు తాగే నోరు. ఆరోగ్యంగా ఉన్నదానికే ఇంత నూగు వస్తుంది. బూజైతే నీళ్ళు చల్లినా జిగురుగా అక్కడే ఉంటుంది," అని, "బాపట్లలో నీళ్ళు లేవా?" అని అడిగింది.

ఉన్నాయని చెప్పాను. ఆవిడ ఎగతాళి చేస్తోందని అర్థం కావడానికి నాకు ఆ సాయంత్రం బస్సు ఎక్కేదాకా పట్టింది. కొత్తగా చేరే ప్రతివాళ్ళూ ఈ తప్పు చేస్తారు. స్రవంతి కూడా చేస్తుంది. ఇది చదివాక కూడా చేస్తుంది.

జాలి అనే గడి లేదు

మా పనిలో మొలకలను మంచివి, వంకరవి, చచ్చినవి అని వేరు చేయాలి. వేరు లేకుండా ఆకు మాత్రం వచ్చినది, మెడ తిరిగినది లెక్కలోకి రావు. నాకు మొదట్లో అలాంటివాటిని చూస్తే జాలేసేది. పాపం, కష్టపడి పైకి వచ్చిందని మంచివాటిలో కలిపేసేదాన్ని. హిల్డ నా ట్రే మళ్ళీ చూసి, ఒక్కో వంకర మొలకనూ బయటకు తీస్తూ, "మనకు మూడే గడులున్నాయి. జాలి అనే గడి లేదు. నువ్వు జాలిపడితే రైతు పొలంలో అది రాదు. అప్పుడు జాలి ఎవరి మీద పడాలి?" అంది.

ఆవిడ దగ్గర నేర్చుకున్న రెండో సంగతి ఏమిటంటే, ఏ గింజ గురించైనా 'మొలుస్తుంది' అనకూడదు. శాతం చెప్పాలి. పరీక్ష పెట్టకపోతే నోరు మూసుకోవాలి. ఒకసారి క్యాంటీన్‌లో బయట ఎండ వస్తుందా అని ఎవరో అడిగితే, "నేను పరీక్ష పెట్టలేదు," అంది. ఆవిడ వేళాకోళానికి అన్నదో, నిజంగానే అన్నదో మాలో ఎవరికీ తెలియలేదు.

ఫ్రిజ్‌లో మట్టి

అంత కచ్చితమైన మనిషి ఒక్కసారి మాత్రం పరీక్షను నమ్మలేదు. ఒక రైతు చిక్కుడు విత్తనం తెచ్చాడు. మా కాగితం మీద చక్కగా మొలిచి, మంచి శాతంతో పాసైన విత్తనం అది. తీసుకెళ్ళి మార్చిలో చల్లితే సగం పొలం ఖాళీ. అతను గొడవ చేయలేదు. బల్ల మీద ఒక సంచి పెట్టి, "ఇది నా పొలం మట్టి. మీ కాగితం కాదు, ఇందులో మొలిపించి చూపించండి," అని వెళ్ళిపోయాడు.

మిగతావాళ్ళు నవ్వుకున్నారు. హిల్డకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదట. మర్నాడు పొద్దున్నే ఆ మట్టిని తడిపి, డబ్బాల్లో నింపి, చిక్కుడు గింజలు నాటి, మేము లంచ్ బాక్సులు పెట్టుకునే ఫ్రిజ్‌లో పెట్టింది. మూతల మీద 'తినకండి' అని రాసింది. ఫ్రిజ్‌లోంచి మట్టివాసన వస్తోందని డైరెక్టర్‌కు ఫిర్యాదు వెళ్ళింది. డైరెక్టర్ అందరికీ ఈమెయిల్ పంపాడు. హిల్డ అది చదివి, మట్టి తన శాండ్‌విచ్ కన్నా శుభ్రంగానే ఉందని అందరికీ జవాబిచ్చింది. ఆవిడ శాండ్‌విచ్ ఎప్పుడూ ఇటుకంత గట్టి నల్ల రొట్టెలో పచ్చి ఉల్లిపాయ. పోల్చి చూస్తే మట్టే నయమని నాకూ అనిపించేది.

ఆ డబ్బాల్లో సగం గింజలు కుళ్ళిపోయాయి. వెచ్చటి కాగితం మీద లేచిన గింజకు చల్లటి మట్టిలో లేచే సత్తువ లేదన్నమాట. ప్రాణం వేరు, సత్తువ వేరు. ఆ తేడా పట్టే పరీక్షలు వేరే చోట్ల అప్పటికే ఉన్నాయి గానీ, మా దగ్గర ఎవరికీ పట్టేవి కావు. హిల్డ పట్టుబట్టి మా దగ్గరా పెట్టించింది. దానికోసం వేరే ఫ్రిజ్ ఇప్పించడానికి డైరెక్టర్‌తో మళ్ళీ పోట్లాడింది.

ఆ డైరెక్టర్ చెడ్డవాడని కాదు గానీ యంత్రాలంటే మహా మోజు. రిటైరయ్యే ముందు మొలకలను తనంతట తనే చూసి లెక్కపెట్టే కెమెరా ఒకటి తెప్పించాడు. ప్రారంభం రోజు కేక్ కోశారు. కెమెరా మొదటి బార్లీ ట్రే చూసి, మొత్తం బూజు పట్టిందని చెప్పింది. హిల్డ నా వైపు తిరిగి, "దీన్ని కూడా బాపట్లలోనే చదివించారా?" అంది. నేను అందరిముందూ పగలబడి నవ్వాను. ఆ రోజు మొదటిసారి ఆవిణ్ణి హిల్డ అని పిలిచాను.

గాజు సీసా

ఇక అసలు సంగతికి వస్తాను. హిల్డ దగ్గర ఒక గాజు సీసా ఉండేది. అందులో రై గింజలు. రై అంటే గోధుమకు దాయాది. సన్నగా, కొంచెం ఆకుపచ్చగా ఉంటుంది. చలి దేశాల్లో పండుతుంది. ఆవిడ తినే ఇటుక రొట్టె దానిదే. ఆ సీసాలోది మాత్రం ఎక్కడా దొరికే రై కాదు. వాళ్ళ ఇంట్లో ప్రతి ఏడూ దాచి, ప్రతి శరదృతువులోనూ చల్లుకున్న గింజ. దానికి పేరు కూడా లేదు. 'మా రై' అనేవాళ్ళట. తండ్రి పోయాక పొలం అమ్మేశారు. దాని మీద ఇప్పుడు గోడౌన్లున్నాయి. ఆఖరి పంటలోంచి ఆవిడ ఒక సీసా నింపుకుని వచ్చింది.

ధాన్యాల్లో రై త్వరగా చచ్చిపోతుంది. ఆ సంగతి ఆవిడకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ముందు ల్యాబ్ ఫ్రీజర్‌లో, రిటైరయ్యాక ఇంట్లో ఫ్రోజెన్ బఠాణీల కింద ఆ సీసాను దాచింది. కొన్నేళ్ళకోసారి గుప్పెడు తీసి పరీక్ష పెట్టేది. శాతం తగ్గేది. తగ్గిందని కంగారుపడి ఈసారి ఇంకాస్త తొందరగా పెట్టేది. మా పరీక్షలో మొలిచిన గింజను నాటుకోం. లెక్కపెట్టి పారేస్తాం. అలా పరీక్షల్లోనే సీసా అడుగంటింది. ఇలాంటి తప్పు రైతు చేయడు, దుకాణందారు చేయడు. మా వృత్తివాళ్ళే చేస్తారు.

ఒకరోజు ఆవిడ వంటింట్లో టీ తాగుతూ, అడుగున మిగిలిన ఆ కాసిన్ని గింజలను చూసి అడిగేశాను. "హిల్డా, నాటేయకూడదూ?"

"శాతం తెలియకుండా ఎలా నాటుతాను?"

"శాతం చూస్తే ఇక నాటడానికి ఏం మిగులుతుంది?"

 ఆవిడ సీసా మూత బిగిస్తూ, "సీసాలో ఉన్నంతకాలం అది చచ్చిపోలేదు. నాటాక రాకపోతే అయిపోయినట్టే. మా అమ్మావాళ్ళ పొలం అయిపోయినట్టే," అంది. ఆ గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. నాకు చాలా బాధ వేసింది. జాలికి గడి లేదని నేర్పిన మనిషి ముందు ఆ బాధను ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పాలికలు

ఆ మరుసటి ఏడు కార్తీకంలో మా అమ్మాయి మేఘన పెళ్ళి కుదిరింది. పిల్ల ఇక్కడే పుట్టింది, పెళ్ళికొడుకుదీ ఇక్కడే ఉద్యోగం. పెళ్ళి ఎడిన్‌బర్గ్‌లోనే ఒక కమ్యూనిటీ హాల్లో. మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి, అంకురార్పణ లేకుండా పెళ్ళేమిటని పట్టుబట్టారు. పెళ్ళికి కొన్ని రోజుల ముందు మట్టి పాలికల్లో నవధాన్యాలు నానబెట్టి చల్లుతాం కదా. అయిదుగురు ముత్తైదువలు చల్లి, పాలూ నీళ్ళూ పోసి, బట్ట కప్పుతారు. మొలకలు ఎంత ఏపుగా వస్తే పిల్లల కాపురం అంత చల్లగా ఉంటుందని నమ్మకం.

ఉద్యోగం పొడుగునా మొలకలు లెక్కపెట్టినదాన్ని నేను. ఇంట్లో ఈ ఒక్క పనికి నా మాటే చెల్లుతుందనుకున్నాను. ఇల్ఫర్డ్ నుంచి తోడికోడలు పంపిన నవధాన్యాల ప్యాకెట్ విప్పి, వంటింట్లో తడి టిష్యూ మీద పేర్చి ముందే పరీక్ష పెట్టాను. నువ్వులు పొట్టు తీసినవి. గోధుమలు మెరుగు పెట్టినవి. రెండూ కదల్లేదు.

అత్తయ్యగారు చూసి నెత్తి కొట్టుకున్నారు. "ఏవిటే ఇది? ముందే తెరిచి చూసుకుని, మొలిచేవాటినే ఏరి వేస్తావా? రేపు పెళ్ళికొడుక్కి కూడా పరీక్ష పెడతావా ఏం?"

"అమ్మా, ప్లీజ్ డోంట్," అంది మేఘన. కాబోయే పెళ్ళికొడుకు పక్కనే కూర్చుని ఉన్నాడు.

ఈ ముచ్చటంతా హిల్డకు ఫోన్‌లో చెప్పాను. ఆవిడకు తెగ నచ్చింది. ప్రశ్న మీద ప్రశ్న వేసింది. ఎన్ని పాలికలు, ఎంత వెచ్చదనం, ఎన్నాళ్ళు. శాతం ఎవరు లెక్కపెడతారని అడిగింది. ఎవరూ లెక్కపెట్టరని, గింజ చేతిలోకి తీసుకుని దేవుణ్ణి తలుచుకుని చల్లేస్తారని, పెళ్ళి రోజుదాకా చూడరని చెప్పాను. ఆ ఆఖరి మాట ఆవిడ మళ్ళీ చెప్పించుకుంది. గోధుమలకేం దిగుల్లేదు, హెల్త్ ఫుడ్ షాపులో దొరుకుతాయి, నువ్వులకు మా పోపుల పెట్టెలోని నల్లవి ఉన్నాయి అని ఫోన్ పెట్టేశాను.

మర్నాడు అంకురార్పణ. లండన్ దగ్గర క్రోయిడన్ నుంచి పంతులుగారు ల్యాప్‌టాప్‌లో వీడియో కాల్‌లోకి వచ్చారు. వారమంతా ఆయనకు ఆఫీసు, శని ఆదివారాలు పెళ్ళిళ్ళు. మంత్రాల వెనక ట్రామ్ వెళుతున్న చప్పుడు వినిపిస్తోంది. సరిగ్గా అప్పుడే హిల్డ తలుపు కొట్టింది. లోపలికి వచ్చి కోటు జేబులోంచి కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. విప్పి చూస్తే రై గింజలు. రాత్రే నానబెట్టిందట, ఉబ్బి ఉన్నాయి.

"గోధుమ కావాలన్నావు కదా. దాయాది. పనికొస్తుందా మీ పూజారిని అడుగు," అంది.

"హిల్డా, సీసాలో..."

"సీసా కడిగేశాను."

 పంతులుగారిని అడిగితే, "గోధుమ జాతే కదమ్మా, పర్వాలేదు. ఇక్కడ అన్నిటికీ సర్దుబాటే," అన్నారు. అత్తయ్యగారు హిల్డను కింద నుంచి పైదాకా చూసి, చల్లమనాలో వద్దో తేల్చుకోలేక, పాలగిన్నె చేతికిచ్చారు. హిల్డ గిన్నె పట్టుకుని గోడవారగా నిలబడింది. అయిదుగురు ఆడవాళ్ళు వంతులవారీగా వచ్చి రై గింజలను ఒక పాలికలో, మిగతావాటిని తక్కినవాటిలో చల్లారు. ఒక్కరు కూడా శాతం అడగలేదు.

కారు దగ్గరికి సాగనంపుతూ, ఎందుకిచ్చారని అడిగాను.

"నాకు ఆ ధైర్యం లేదు. మీ ఆడవాళ్ళ చేతులు అరువు తీసుకున్నాను," అంది. తర్వాత ఎప్పటిలాగే, "ఆ గదిలో చలి ఎక్కువ. బాయిలర్ పక్కన పెట్టు. మరీ దగ్గరగా వద్దు," అని వెళ్ళిపోయింది.

పన్నీరు బుడ్డి

పెళ్ళి రోజు పొద్దున హాల్లో పాలికలు సర్దుతూ మా తోడికోడలు బట్ట ఎత్తి చూసింది. పెసలు, బొబ్బర్లు, ఉలవలు జానెడు లేచి కళకళలాడుతున్నాయి. రై పాలికలో మాత్రం కొన్ని గింజలే పగిలాయి. వాటి చుట్టూ తెల్లగా ఏదో అల్లుకుని ఉంది. ఆవిడ గబుక్కున బట్ట కప్పేసి నన్ను పక్కకు లాగింది.

"అక్కా, ఇది బూజు పట్టింది. అత్తయ్య చూస్తే పీటల మీద పెళ్ళి ఆపేస్తారు. మెల్లిగా కార్‌పార్క్‌లో పారేసి వస్తా, నువ్వు మాట్లాడకు."

పాలిక అప్పటికే ఆవిడ చేతిలో ఉంది. నేను చెప్పబోయేంతలో అత్తయ్యగారు రానే వచ్చారు. చూశారు. మొహం పాలిపోయింది. "అయ్యో, పిల్ల కాపురం," అన్నారు మెల్లగా. అంతవరకు ఆ నమ్మకం నాకు ముచ్చటగా ఉండేది. ఆవిడ మొహం చూశాక ఇక ముచ్చటగా లేదు.

హిల్డ గుమ్మం దగ్గర ఉంది. మేఘన బలవంతం మీద చీర కట్టుకుని, సేఫ్టీ పిన్నులతో నిటారుగా నిలబడి ఉంది. తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా పాలిక వంక చూస్తున్న మా మొహాలు చూసి ఆవిడకు అంతా తెలిసిపోయింది. ల్యాబ్‌లో అలాంటి మొహాలు ఎన్ని చూసిందో. అతిథుల మీద చల్లడానికి పెట్టిన పన్నీరు బుడ్డి అందుకుని, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, గబగబా వచ్చింది. పాలిక మీద ఒక్కసారి చిలకరించింది. తెల్లదనం మాయమైంది. సన్నటి తెల్లటి వేళ్ళు, వాటి పక్కన ఎర్రటి మొనలు బయటపడ్డాయి.

"బూజు కాదండీ, వేరు నూగు. ఆరోగ్యంగా ఉన్నదానికే వస్తుంది," అన్నాను నేను. 

అత్తయ్యగారు వంగి దగ్గరగా చూశారు. వేలితో తాకబోయి ఆగారు. "హిల్డమ్మా, ఇంకోసారి చల్లు," అన్నారు. ఆవిడకు ఆ మాట ఎలా అర్థమైందో గానీ హిల్డ ఇంకోసారి చల్లింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆవిడ హిల్డమ్మే.

బతికినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. హిల్డ నిజంగానే వేళ్ళ మీద లెక్కపెట్టడం నేను చూశాను. పెదవులు కదిలాయి గానీ పైకి అనలేదు. రై మొక్క ఒక్కటే ఉంటే కాపు రాదు, పుప్పొడికి పక్కన ఇంకొన్ని ఉండాలి. వీటికి ఆ తోడు సరిపోతుంది. మండపం ముందు కూర్చుని పెళ్ళంతా నవ్వుతూ చూసింది. తలంబ్రాల దగ్గర మాత్రం ఇన్ని బియ్యం వృథా చేస్తారా అని నా చెవిలో గొణిగింది.

ఏటి ఒడ్డున

నేను ఒక సంగతి ఆవిడకు చెప్పలేదు. పెళ్ళి హడావిడిలో గుర్తే రాలేదు. పెళ్ళయ్యాక పాలికల్లో మొలకలను ఏటి నీళ్ళలో కలిపేయాలి. అది ఆచారం.

మర్నాడు అందరం లీత్ ఏటి ఒడ్డుకు నడిచాం. పెళ్ళి చేయించడానికి వచ్చిన పంతులుగారికి సాయంత్రం రైలు, ఆయన కాస్త తొందరపడుతున్నారు. హిల్డ కూడా వచ్చింది. రై పాలికను ఆవిడే రెండు చేతుల్లో పట్టుకుని నడుస్తోంది. ఇక్కడికి ఎందుకు వచ్చామని దారిలో అడిగింది. అప్పుడు చెప్పాను.

ఆవిడ ఆగిపోయింది. పాలిక వంక చూసింది, ఏటి వంక చూసింది. "నేనే ఇచ్చాను. మీ ఆచారం మీది," అంది. కాగితం మీద శాతం చెప్పే గొంతుతోనే అంది. పాలికను మాత్రం ఒంటికి దగ్గరగా లాక్కుంది. వద్దని నేనే అనాలి. కూతురి కాపురం పేరు మీద చల్లినవాటిని ఆపితే అత్తయ్యగారు ఏమంటారోనని నోరు పెగల్లేదు.

"ఏవిటే ఆవిడ మొహం అలా అయిపోయింది?" అని అత్తయ్యగారే అడిగారు.

చెప్పాను. సీసా సంగతి, వాళ్ళ అమ్మావాళ్ళ పొలం సంగతి, ప్రపంచంలో ఈ గింజ ఇక ఈ పాలికలోనే ఉందన్న సంగతి. పంతులుగారు గడియారం చూసుకుంటూ, "నిమజ్జనం చేయాలనే శాస్త్రమండీ," అన్నారు.

"శాస్త్రానికి నీళ్ళేగా కావాలి?" అన్నారు అత్తయ్యగారు. హిల్డ చేతుల్లోంచి పాలిక తీసుకుని, చెప్పులు విప్పి, ఆ గడ్డకట్టే చలిలో ఏట్లోకి దిగారు. పాలికను నీళ్ళలో అలా ముంచి, ఇలా తీసి, మళ్ళీ హిల్డ చేతిలో పెట్టారు. "కలిపాం. అయిపోయింది. ఇక తీసుకెళ్ళి నాటుకోమను. పిల్లని అత్తారింటికి పంపుతాం గానీ ఏట్లో పారేస్తామా?"

నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను.  హిల్డ తన మఫ్లర్ తీసి, ఒడ్డున కూర్చున్న అత్తయ్యగారి తడి పాదాలు తుడిచింది. పెద్దావిడ సిగ్గుపడి కాళ్ళు వెనక్కి లాక్కోబోయారు గానీ హిల్డ పట్టు అలాంటిలాంటి పట్టు కాదు.

ఆ సాయంత్రమే ఆవిడ తన అలాట్‌మెంట్‌లో, కౌన్సిల్ వాళ్ళు కూరగాయలకిచ్చిన ఆ చిన్న మడిలో, రై మొలకలు నాటింది. చలికాలమంతా మంచు కింద ఉన్నాయి. ఆగస్టులో కోసింది. గుప్పెడు గింజలు.

శాతం

స్రవంతికి ఇంత చెప్పాక, ఆవిణ్ణి చూస్తానని పట్టుబట్టింది. నిన్న తీసుకెళ్ళాను. హిల్డ ఇప్పుడు పెద్దవాళ్ళ కోసం కట్టిన ఫ్లాట్లలో ఉంటోంది. వాకర్ పట్టుకుని నడుస్తుంది. అలాట్‌మెంట్ నేనే చూస్తున్నాను. అంటే ఆవిడ కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను తవ్వుతున్నాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు పని ఇంతకన్నా తేలికగా ఉండేది.

స్రవంతి నమస్కారం పెట్టింది. ఎలా పిలవాలో తోచక కాసేపు తటపటాయించి, "హలో, మేడమ్," అంది. హిల్డ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

ఈ ఏడు పండిన రై ఒక గుడ్డ సంచిలో ఉంది. హిల్డ దాన్ని తెరిచి, గుప్పెడు గింజలు తీసి, కాగితంలో పొట్లం కట్టి స్రవంతి చేతిలో పెట్టింది. ఇది నాటే రోజులని చెప్పింది. పిల్ల అప్పటికే ల్యాబ్ వాళ్ళు పంపిన ట్రైనింగ్ పాఠాలన్నీ చదివేసింది. శ్రద్ధగల పిల్ల. పొట్లం పట్టుకుని, అడగాల్సిన ప్రశ్నే అడిగింది.

"వాట్స్ ద జెర్మినేషన్ పర్సెంటేజ్?"

 అలా అడగనివాళ్ళను ఆవిడ ఉద్యోగంలోకి తీసుకునేది కాదు. అడిగినవాళ్ళకు జవాబు చెప్పలేకపోయిన రోజు ఆవిడ జీవితంలో ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు.

"తెలియదు," అంది హిల్డ. సంచి మూతి కట్టి ఒళ్ళో పెట్టుకుంది. "నేను చూడలేదు. నువ్వు నాటు."